ఆపరేషన్ అయ్యాక వార్డులోనే కళ్ళు తిరిగి పడిపోయారు, తలకి దెబ్బ తగిలింది – స్కాన్ అడగాలా?

నీలిమబ్బు:
అందరికీ నమస్కారం. కంగారులో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మా నాన్నకి 68 ఏళ్ళు, ఈమధ్యే పెద్దపేగు ఆపరేషన్ అయింది, బాగానే జరిగిందన్నారు, కొద్దికొద్దిగా తాగడం కూడా మొదలుపెట్టారు. ఇవాళ తెల్లవారుజామున యూరిన్ పైపు తీశారు, కాసేపటికి ఆయనే సెలైన్ స్టాండ్ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళారు, అమ్మ నిద్రలో ఉంది, లేపడం ఎందుకులే అనుకున్నారట. యూరిన్ పోసి వెనక్కి తిరిగేలోపు పడిపోయారు. తల వెనక వాష్‌బేసిన్ అంచుకి తగిలి చీరుకుపోయి బాగా రక్తం వచ్చింది. డ్యూటీ డాక్టర్ వచ్చి కుట్లు వేశారు, బీపీ తగ్గింది అంతే, సెలైన్ పెడుతున్నాం, భయం లేదు అన్నారు. కానీ నాన్నకి పడిపోవడం గుర్తులేదు, బాత్రూమ్ తలుపు తీసినదాకా మాత్రమే గుర్తుంది. తల నొప్పి అంటున్నారు, ఒకసారి వాంతి అయింది, మాట్లాడిస్తే సరిగ్గానే చెప్తున్నారు గానీ మళ్ళీ వెంటనే నిద్రలోకి జారుకుంటున్నారు. నొప్పి మందు వల్ల మత్తు అంటున్నారు సిస్టర్. ఇంకోటి, రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టకి ఇంజెక్షన్ ఇస్తున్నారు. నేను ఊరికే భయపడుతున్నానా లేక స్కాన్ అడగాలా?

వార్డుసిస్టర్:
అమ్మా, ముందు ఇది చదవడం ఆపి డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. 68 ఏళ్ళు, స్పృహ తప్పారు, పడిపోయింది గుర్తులేదు, వాంతి అయింది, గడ్డకట్టకుండా ఇంజెక్షన్ నడుస్తోంది – ఇవన్నీ ఒకే ఊపిరిలో చెప్పు. "తలకి సీటీ తీయిస్తారా, తీయకపోతే ఎందుకు అక్కర్లేదో కేస్ షీట్‌లో రాస్తారా" అని మర్యాదగానే అడుగు, గొడవ అక్కర్లేదు. రాత్రికి ఆ పొట్ట ఇంజెక్షన్ టైమ్ అయితే డాక్టర్ చెప్పేదాకా ఆపి ఉంచమని సిస్టర్‌కి గుర్తుచెయ్యి, అది రొటీన్‌గా ఇచ్చేస్తారు, ఇచ్చే సిస్టర్‌కి పొద్దున పడిన సంగతి తెలియకపోవచ్చు, షిఫ్ట్ మారిపోతుంది కదా.

సర్జికల్ వార్డులో చాలా ఏళ్ళు చేశాను. పడిన దెబ్బకి కుట్లు పడగానే అందరూ పని అయిపోయింది అనుకుంటారు. నిజానికి అక్కడ రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి, లోపల ఏమైనా రక్తం కారుతోందా అని ఒకటి, అసలు ఎందుకు పడ్డారు అని రెండోది. ఈ రెండోది ఎవరూ అడగరు.

గట్టిమాట:
భయపెట్టకండి అందరూ. తలకి బొప్పి కట్టిన ప్రతివాళ్ళకీ సీటీ అంటే ఎలా, రేడియేషన్ ఉంటుంది, ఆపరేషన్ అయిన మనిషిని స్ట్రెచర్ మీద అటూ ఇటూ తిప్పడం కూడా కష్టమే. డాక్టర్ చూసి ఫరవాలేదు అన్నారంటే ఆయనకి తెలియదా? ఆపరేషన్ తర్వాత వాంతులు మామూలే, నాకూ అయ్యాయి.

మత్తుడాక్టర్:
గట్టిమాట గారూ, కుర్రాడు ఆడుకుంటూ పడి ఏడ్చి లేచి పరిగెత్తితే మీ మాటే కరెక్ట్, స్కాన్ అక్కర్లేదు. ఇక్కడ లెక్క వేరు. తలకి దెబ్బ తగిలాక స్పృహ తప్పినా, ఆ సంగతి గుర్తులేకపోయినా, వయసు 65 గానీ ఆపైన గానీ అయితే 8 గంటల్లోపు సీటీ తీయమంటుంది బ్రిటన్‌లో వైద్య సూచనలు ఇచ్చే నైస్ అనే సంస్థ గైడ్‌లైన్. వాంతి ఒకటి కంటే ఎక్కువ అయినా, ఫిట్స్ వచ్చినా, కాలో చెయ్యో బలం తగ్గినా, దెబ్బ తగిలిన 2 గంటలకి కూడా పూర్తి తెలివిలోకి రాకపోయినా గంటలోపు తీయాలి. రక్తం పలచబడే మందు మీద ఉన్నవాళ్ళకి వేరే లక్షణం ఏమీ లేకపోయినా స్కాన్ ఆలోచించమంటుంది. రేడియేషన్ సంగతికొస్తే తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ కొలత), ప్రకృతిలోంచి ఏడాదికి మనందరి ఒంటికీ తగిలేది అంతకంటే కొంచెం ఎక్కువే.

నీలిమబ్బు గారూ, మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది ఆ నిద్ర. ట్రామడాల్, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు మగత తెస్తాయి, వాంతి తెస్తాయి, నిజమే. తలలో రక్తం కారినా అవే వస్తాయి. బయటి నుంచి చూస్తే ఏది దేనివల్లో తేల్చడం కష్టం, అందుకే ఇలాంటి పేషెంట్‌కి "మందు వల్లే" అని తేల్చేయకూడదు. దెబ్బకి ముందు అదే మందు మీద ఎంత మెలకువగా ఉన్నారో మీ అమ్మగారికి తెలుసు, ఆవిడ మాట డాక్టర్‌కి చాలా పనికొస్తుంది, "నిన్న ఇదే మందు ఇచ్చినా ఇలా నిద్రపోలేదు" అంటే అది పెద్ద సమాచారం.

ఉదయరాగం:
అక్కా ధైర్యంగా ఉండండి. మా అత్తయ్యకి కూడా ఇలాగే అయింది, మోకాలి ఆపరేషన్ తర్వాత. ఏమీ కాలేదు ఆవిడకి, కానీ స్కాన్ తీశాకే ఏమీ కాలేదని తెలిసింది. అడగండి.

వార్డుసిస్టర్:
స్కాన్ లోపు గానీ స్కాన్ బాగుందన్నాక గానీ చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది. తల దెబ్బ తగిలిన పేషెంట్‌ని పూర్తి తెలివిలోకి వచ్చేదాకా అరగంటకోసారి చూడాలి, వచ్చాక కూడా మొదటి 2 గంటలు అరగంటకోసారే, తర్వాత 4 గంటలు గంటకోసారి, ఆపైన 2 గంటలకోసారి. చూడటం అంటే బీపీ మిషన్ తగిలించి పోవడం కాదు. లేపాలి, పేరు, ఎక్కడున్నారు, నెల ఏది అని అడగాలి, రెండు చేతులూ గట్టిగా పిండమనాలి, టార్చి వేసి కంటిపాపలు రెండూ ఒకేలా చిన్నవవుతున్నాయా చూడాలి. తెలివి ఎంత ఉందో కొలవడానికి కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15 మార్కులు, దాన్ని చార్ట్‌లో రాస్తారు. 15 నుంచి 14కి పడి అరగంట అలాగే ఉన్నా మేం డాక్టర్‌ని పిలుస్తాం. రాత్రి నిద్ర చెడగొట్టకండి అని బంధువులే మమ్మల్ని ఆపేస్తుంటారు, పాపం ప్రేమతోనే, కానీ ఆ ఒక్క రాత్రి నిద్ర చెడినా ఫరవాలేదమ్మా, లేపనివ్వండి.

నీలిమబ్బు:
వెళ్ళి అడిగాను. ముందు కొంచెం విసుక్కున్నారు గానీ ఇంజెక్షన్ సంగతి చెప్పగానే ఆగి ఫైల్ చూశారు. నేను అక్కడుండగానే నాన్నకి రెండో వాంతి అయింది. ఇప్పుడే సీటీకి తీసుకెళ్ళారు. మెడకి కాలర్ వేశారు, పొద్దున వేయలేదు. సర్జన్ గారికి ఫోన్ చేశారు. మళ్ళీ రాస్తా.

చిన్నిపాదాలు:
దేవుడి దయవల్ల ఏమీ ఉండకూడదు. నాకు సిజేరియన్ తర్వాత మొదటిసారి లేచినప్పుడు ఇదే, ముందు ఆవలింతలు, తర్వాత చెవుల్లో జుయ్యిమని, మనుషుల మాటలు దూరంగా వినపడ్డాయి, చెమటలు, ఆపైన ఏమీ తెలియదు. నర్స్ పక్కనే ఉండి నెమ్మదిగా కిందికి జార్చింది కాబట్టి తల తగల్లేదు. ఆవలింతలు కూడా ముందు సూచనే అని తర్వాత చెప్పారు, నాకు అప్పటిదాకా నిద్ర చాలక అనుకున్నా. అసలు పడుకున్నంతసేపూ బాగుండి లేవగానే ఎందుకలా అవుతుందో ఎవరైనా చెప్తారా?

మత్తుడాక్టర్:
పడుకున్న మనిషి నిలబడగానే అర లీటరు పైగా రక్తం, 500 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా, కాళ్ళలోకీ పొట్ట కింది భాగంలోకీ దిగుతుంది. మామూలుగా అయితే క్షణాల్లో రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెరిగి మెదడుకి అందాల్సింది అందుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఆపరేషన్ అయిన ఒంట్లో ఈ ఏర్పాటంతా దెబ్బతిని ఉంటుంది. కొంత రక్తం పోయి ఉంటుంది, కడుపు మాడ్చి ఉంటారు, పేగు ఆపరేషన్ అయితే విరేచనాల మందు కూడా ఇచ్చి ఉండొచ్చు, మంచం మీదే ఉండటంతో నాళాలు బిగుసుకునే అలవాటు తగ్గుతుంది, వెన్నులో మత్తు ఇచ్చినా వెన్నులోకి నొప్పి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ పైపు ఉన్నా కాళ్ళ నాళాలు వదులుగానే ఉండిపోతాయి. దీనిమీద నొప్పి మందు. నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే దాన్ని నిలబడితే బీపీ పడిపోయే జబ్బుగా లెక్క వేస్తాం. పడుకోబెట్టి బీపీ చూస్తే 120/80 ఉంటుంది, అంతా బాగుంది అంటారు. నిలబెట్టి చూస్తేనే బయటపడుతుంది, ఆ రెండో రీడింగే చాలాచోట్ల తీయరు, నాకు దీనిమీద నిజంగా బాధ.

బాత్రూమ్‌లోనే ఎందుకు ఎక్కువ పడతారంటే, నిండిన మూత్రాశయం ఖాళీ అవగానే బీపీ ఇంకొంచెం జారుతుంది, ముఖ్యంగా మగవాళ్ళు నిలబడి పోసేటప్పుడు. విరేచనానికి ముక్కినా అంతే. నీలిమబ్బు గారూ, తిరిగొచ్చాక ఒకటి చూడండి, పైపు తీసేముందు యూరిన్ ఫ్రీగా రావడానికి టామ్సులోసిన్ అనే మాత్ర ఏమైనా మొదలుపెట్టారా అని. అది నిలబడితే బీపీని పడగొట్టగలదు. మామూలు బీపీ మాత్రలు కూడా మళ్ళీ మొదలుపెట్టారేమో చూడండి.

గట్టిమాట:
సరే, వయసు సంగతీ ఇంజెక్షన్ సంగతీ నేను అంత ఆలోచించలేదు, ఆ నంబర్లు చూశాక ఒప్పుకుంటున్నా. కానీ ఒక డౌట్. పడిన వెంటనే మనం ఏం చేయాలి? మనవాళ్ళు వెంటనే లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తారు కదా.

వార్డుసిస్టర్:
అదే చేయకూడదు. కూర్చోబెడితే మెదడుకి అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గుతుంది. తలకి తగిలినట్టుంటే మెడ కూడా బెణికిందో విరిగిందో తెలియదు, కాబట్టి పడినచోటే ఉంచి, తల అటూ ఇటూ తిప్పకుండా, గంట నొక్కి గట్టిగా కేక వేయండి. తలకి తగల్లేదని ఖాయంగా తెలిస్తే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకోవచ్చు. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు అస్సలు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పడినప్పుడు చూసినవాళ్ళు ఉంటే వాళ్ళు ఏం చూశారో గుర్తుపెట్టుకోవాలి, కాళ్ళు చేతులు కొట్టుకున్నాయా, ఎంతసేపు, నాలుక పక్కన కరుచుకున్నారా, లేచాక ఎంతసేపటికి మనుషుల్ని గుర్తుపట్టారు. ఊరికే కళ్ళు తిరిగి పడినా కొన్ని సెకన్లు చేతులు కొట్టుకోవచ్చు, అది ఫిట్స్ కాదు. నాలుక పక్కన కొరుక్కుని చాలాసేపు అయోమయంగా ఉంటే అప్పుడు ఫిట్స్ అనుమానించాలి.

మేం పరిగెత్తుకొచ్చాక చూసేవి: నాడి, బీపీ, ఆక్సిజన్, షుగర్. షుగర్ ఉన్నవాళ్ళు సరిగ్గా తినకుండా ఇన్సులిన్ తీసుకుంటే షుగర్ పడిపోయి కూడా సోలిపోతారు. ఆ తర్వాత ఈసీజీ.

మత్తుడాక్టర్:
ఈసీజీ గురించి ఒక్క మాట కలుపుతా. "బీపీ తగ్గింది" అనేది కారణం కాదు, ఫలితం. ఎందుకు తగ్గింది? ఆపరేషన్ చేసినచోట లోపల రక్తం కారుతుండొచ్చు, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకుతుండొచ్చు, గుండె లయ తప్పి ఉండొచ్చు, గుండెపోటు రావొచ్చు, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరి ఉండొచ్చు. ఆఖరిదైతే మొదటిసారి లేచి నడిచినప్పుడే పడిపోవడం కనిపించవచ్చు, ఆయాసం, ఆక్సిజన్ తగ్గడం, గుండె వేగం తోడుంటాయి. చాలామందికి చివరికి తేలేది మామూలు బీపీ పడిపోవడమే, కానీ ఇవి లేవని చూశాకే ఆ మాట అనాలి.

నీలిమబ్బు:
వచ్చాను. సీటీలో మెదడుకీ పై పొరకీ మధ్య పలచగా రక్తం చేరిందట, సబ్‌డ్యూరల్ అన్నారు. ఎముక విరగలేదు, మెడ బాగుంది. న్యూరోసర్జన్ వచ్చి చూశారు, ఇప్పుడు ఆపరేషన్ అక్కర్లేదు, ఐసీయూలో పెట్టి రేపు మళ్ళీ స్కాన్ తీస్తాం అన్నారు. పొట్ట ఇంజెక్షన్ ఆపేశారు. హిమోగ్లోబిన్ ఆపరేషన్‌కి ముందు 12 ఉండేది ఇప్పుడు 8.1 అట. పడుకోబెట్టి బీపీ 118/70, నిలబెట్టడానికి కుదరదు కాబట్టి తీయలేదు. టామ్సులోసిన్ నిన్న రాత్రి ఇచ్చారు, బీపీ మాత్ర నిన్న పొద్దునే మళ్ళీ మొదలైంది, రెండూ ఉన్నాయి ఫైల్లో, మత్తుడాక్టర్ గారూ మీరు చెప్పినట్టే. నాకు చేతులు వణుకుతున్నాయి. ఇంజెక్షన్ ఆపేస్తే కాళ్ళలో గడ్డలు కడతాయేమో అని ఇంకో భయం, ఎటు చూసినా భయమే.

మత్తుడాక్టర్:
మీరు పట్టుబట్టి అడిగినందువల్లే రాత్రి డోసు పడకుండా ఆగింది, అది చిన్న విషయం కాదు. పలచని సబ్‌డ్యూరల్‌లు చాలావరకు మందులు, కాపలాతోనే తగ్గుతాయి. గడ్డల సంగతికి, కాళ్ళకి గాలి నింపి వదిలే పంపు తొడుగులు పెట్టమని అడగండి, ఐసీయూలో సాధారణంగా ఉంటాయి, రక్తాన్ని పలచన చేయకుండా సిరల్లో కదలిక తెస్తాయి. మెలకువగా ఉన్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి. ఇంజెక్షన్ మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది న్యూరోసర్జన్, పేగు సర్జన్ కలిసి మాట్లాడుకుని చెప్పాలి, రెండో స్కాన్ చూశాక. ఇద్దరూ విడివిడిగా చెప్తే మీరు మధ్యలో నలిగిపోతారు, ఒకేచోట మాట్లాడమని అడగండి. హిమోగ్లోబిన్ 8.1లో సెలైన్ వల్ల పలచబడింది కొంత ఉంటుంది, అయినా పొట్ట లోపల రక్తం కారడం లేదని స్కాన్‌తోనో, ఆపరేషన్ చోటు నుంచి ద్రవం బయటికి తెచ్చే డ్రెయిన్ పైపు చూసో తేల్చుకోవాలి.

పాతమిత్రుడు:
నాకు హెర్నియా ఆపరేషన్ వెన్నులో మత్తు ఇచ్చి చేశారు, తర్వాత విపరీతంగా తలనొప్పి వచ్చింది, నేనూ ఒకసారి తూలి గోడకి తల కొట్టుకున్నా, దానివల్లే నొప్పి అనుకుని ఇంట్లో అందరూ హడలిపోయారు. తీరా అది వెన్ను సూది నొప్పి అని చెప్పారు. ఈ రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది డాక్టర్ గారూ?

మత్తుడాక్టర్:
వెన్ను సూది వల్ల వచ్చే నొప్పి లేచి కూర్చుంటే నిమిషాల్లో పెరుగుతుంది, పడుకుంటే బాగా తగ్గుతుంది, మెడ పట్టేసినట్టుంటుంది. తలలో రక్తం చేరితే వచ్చేది పడుకున్నా తగ్గదు, పొద్దున లేవగానే ఎక్కువ ఉండొచ్చు, రోజురోజుకీ పెరుగుతుంది, మగత తోడవుతుంది. కానీ సూది పొడిచినచోట ద్రవం ఎక్కువ రోజులు కారితే అరుదుగా అదే సబ్‌డ్యూరల్‌కి దారితీస్తుంది. పడుకుంటే తగ్గే నొప్పి కాస్తా ఎప్పుడూ ఉండే నొప్పిగా మారితే మళ్ళీ చూపించుకోవాలి.

నడకనేస్తం:
నేను ఫిజియోథెరపీ చేస్తాను. నీలిమబ్బు గారూ నాన్నగారు కోలుకుంటారు, మళ్ళీ లేచే రోజు వస్తుంది, ఆ రోజు కోసం ఇప్పుడే రాసి పెడుతున్నా, మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి. ఒక్కసారిగా లేవకూడదు. ముందు మంచం తలవైపు ఎత్తి కాసేపు, తర్వాత కాళ్ళు వేలాడేసి మంచం అంచున కూర్చుని కొన్ని నిమిషాలు, ఆ టైమ్‌లో పాదాలు ఆడించాలి, పిడికిళ్ళు బిగించి వదలాలి. అప్పుడు బీపీ చూడాలి. బాగుంటే నిలబడి, మంచానికి ఆనుకునే ఉండి ఇంకోసారి. కళ్ళు మసకబారినా, ఆవలింత వచ్చినా మాటల్లేవు, మళ్ళీ పడుకోబెట్టేయడమే. సెలైన్ స్టాండ్‌ని ఆసరాగా పట్టుకోకూడదు, దానికి చక్రాలుంటాయి, మనిషితో పాటు అదీ జారిపోతుంది, ఎంతమందిని చూశానో. బాత్రూమ్ లోపల గడియ పెట్టకూడదు, మగవాళ్ళైనా కూర్చునే పోయాలి, మొహమాటపడకుండా తోడు మనిషి తలుపు దగ్గరే నిలబడాలి. రాత్రిళ్ళు అయితే మంచం పక్కనే బాటిల్ వాడటం అన్నిటికంటే మేలు. మంచానికి పక్క రెయిల్స్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు, అయోమయంలో ఉన్నవాళ్ళు వాటిమీద నుంచి దూకబోయి ఇంకా ఎత్తునుంచి పడతారు, మంచం కిందికి దించి ఉంచడం మంచిది.

నీలిమబ్బు:
రెండో స్కాన్ వచ్చింది, పెరగలేదు!! రక్తం ఎక్కించారు, పొట్టలో ఏమీ కారడం లేదట. ఈసీజీ బాగుంది. టామ్సులోసిన్ ఆపేశారు, బీపీ మాత్ర కూడా ప్రస్తుతానికి. మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

వార్డుసిస్టర్:
హమ్మయ్య. పడిన టైమ్, ఎలా పడ్డారు, ఏ మందులు నడుస్తున్నాయి అన్నీ ఇన్సిడెంట్ రిపోర్ట్‌లో, కేస్ షీట్‌లో రాశారో లేదో అడుగు తల్లీ. ఎవరినో పట్టించడానికి కాదు, వేరే వార్డుకి మారినప్పుడు అక్కడివాళ్ళకి ఈయన ఒకసారి పడ్డారని తెలియాలి, ఒకసారి పడినవాళ్ళు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ.

నీలిమబ్బు:
కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ వచ్చా. వార్డుకి మార్చారు, నడకనేస్తం గారు చెప్పినట్టే మెల్లగా లేపుతున్నారు, నిలబెట్టి చూస్తే 112/68, తేడా తక్కువే. కానీ కొత్తది ఒకటి, మంచంలో కుడివైపు తిరిగితే గది గిర్రున తిరుగుతోంది అంటున్నారు, అరనిమిషంలో ఆగిపోతుంది. మళ్ళీ రక్తం కారుతోందేమో అని ప్రాణం పోయినంత పనైంది. స్కాన్ మళ్ళీ తీశారు, తగ్గుతోంది అన్నారు. మరి ఇదేంటి?

నడకనేస్తం:
అటు తిరిగినప్పుడే వచ్చి నిమిషం లోపే ఆగిపోతే చాలావరకు అది లోపలి చెవి సంగతి. బ్యాలెన్స్ చూసే భాగంలో సున్నపు రేణువులు ఉంటాయి, తలకి దెబ్బ తగిలితే అవి ఊడి గొట్టాల్లోకి పోతాయి, తల తిప్పినప్పుడల్లా అవి జరిగి గిర్రున తిరిగినట్టు చేస్తాయి. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడం వేరు, పడుకుని తిరిగితే గది తిరగడం వేరు, డాక్టర్‌కి ఈ తేడా స్పష్టంగా చెప్పండి, లేకపోతే మళ్ళీ బీపీ మీదకే పోతారు. తలని ఒక వరసలో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపే పద్ధతి ఉంది, ఎప్లీ అంటారు, చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గుతుంది. పొట్ట మీద కుట్లు, తలలో రక్తం ఉన్నాయి కాబట్టి ఇంట్లో వీడియో చూసి మీరు చేయొద్దు, ఈఎన్‌టీ డాక్టర్ గానీ తెలిసిన ఫిజియో గానీ చేయాలి.

నీలిమబ్బు:
ఈఎన్‌టీ ఆవిడ వచ్చి చేశారు, అదే అన్నారు, సాయంత్రానికే చాలా తగ్గింది. రేపు డిశ్చార్జ్. పొట్ట ఇంజెక్షన్ సంగతి ఇద్దరు డాక్టర్లూ కలిసి మాట్లాడి ఇంకో వారం వద్దు, ఆపైన స్కాన్ చూసి చెప్తాం అన్నారు.

మత్తుడాక్టర్:
మంచిది. ఇంటికెళ్ళాక కొన్ని వారాలు జాగ్రత్తగా చూడండి, ఈ వయసులో సబ్‌డ్యూరల్ మెల్లగా మళ్ళీ పేరుకోవచ్చు. రోజురోజుకీ పెరిగే తలనొప్పి, నడకలో తేడా, ఒక చెయ్యి బలహీనపడటం, మాట తడబాటు, పగలు ఎక్కువ నిద్ర, ఎప్పుడూ లేని మతిమరుపు – వీటిలో ఏది కనపడినా వయసు మీద పడింది అనుకోకుండా వెంటనే తీసుకెళ్ళండి. నొప్పికి పారాసెటమాల్ చాలు, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి న్యూరోసర్జన్‌ని అడక్కుండా వద్దు. ఆపిన బీపీ మాత్ర ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి, లేకపోతే ఇంట్లో పాత చీటీ ప్రకారం వేసేస్తారు.

నీలిమబ్బు:
రాయించాను. పడిన సంగతి, స్కాన్‌లు, ఆపిన రెండు మాత్రల పేర్లు, మళ్ళీ స్కాన్ ఎప్పుడో అన్నీ ఉన్నాయి. పాత చీటీ నా దగ్గరే పెట్టుకున్నా. అమ్మకి పైన రాసిన లక్షణాలన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను.